వేటకెల్లమంటావేటి, ఆశా?

ఆశ కోరి సముద్రశాస్త్రం చదవలేదు. డిగ్రీ అయ్యాక ఫిజిక్స్ సీటు కోసం కౌన్సెలింగుకు వెళ్తే ఆమె వంతు వచ్చేసరికి సీట్లు అయిపోయాయి. మిగిలినవాటిలో ఆమె చదివిన సబ్జెక్టులకు పనికొచ్చేది వాతావరణమూ సముద్రమూ కలిపి చెప్పే ఎమ్మెస్సీ ఒక్కటే. సరే అని చేరిపోయింది. పెదజాలారిపేటలో వాళ్ళ ఇంటి నుంచి చినవాల్తేరు మీదుగా ఎత్తు ఎక్కితే యూనివర్సిటీ. తరగతి కిటికీలోంచి చూస్తే కింద తమ పేట పడవలే కనిపిస్తాయి.

సంగతి వినగానే తండ్రి గురువులు వల బాగుచేస్తున్న చెయ్యి ఆపాడు. భుజం దెబ్బతిన్నాక అతను చేపల వేట మానేసి, ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తూ బతుకుతున్నాడు. అతని అన్న, ఆశ పుట్టకముందే, వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. పడవ చెక్క కూడా దొరకలేదు.

"సముద్రం గురించి సదవడానికి మనకి యూనివర్సిటీ కావాలేటి?" అన్నాడు. మళ్ళీ వల చేతిలోకి తీసుకుని, "సదువు సముద్రందైనా సదువే. ఉజ్జోగం మాత్రం నేల మీద సూసుకో," అన్నాడు.

ఆశ కోరుకున్నదీ అదే. తల్లి అప్పాయమ్మకు తోడుగా బ్యాంకుకు వెళ్ళినప్పుడల్లా అద్దం వెనక కూర్చుని పనిచేసే అమ్మాయిని చూస్తూ ఉండేది. ఒకసారి ఆ అమ్మాయి అప్పాయమ్మ ఖాతాలో ఏదో పొరపాటు చేసింది. "సారీ అమ్మా, రేపు రండి, సరిచేస్తాను" అంది. మర్నాడు సరిచేసింది. అది ఆశకు భలే నచ్చింది. ఇక్కడ పొరపాటు చేస్తే మర్నాడు దిద్దుకోవచ్చు. పనంటూ చేస్తే ఇలాంటి చోటే చెయ్యాలనుకుంది.

తోటి విద్యార్థిని కేథరిన్ బ్యాంకు ఉద్యోగం కోరుకోవడానికి మరో కారణం ఉంది. ఆమె తండ్రి యోహాన్ పరవాడలో ఒక మందుల కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తాడు. అటువైపు ఏదైనా ప్రమాదం జరిగిందని టీవీలో వస్తే చాలు, ఆయన గొంతు వినిపించేదాకా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టరు. "నా పిల్లలు నాకోసం అలా కూర్చోకూడదే" అనేది కేథరిన్. ఇద్దరూ కలిసి ద్వారకానగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగుకు చేరారు. పొద్దున్న యూనివర్సిటీ, సాయంత్రం కోచింగు. అలా సాగిపోయి ఉంటే ఆశ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

ఆమెను మొదట గాలి సంగతి అడిగింది మేనమామ ఎల్లాజీ. అతనికి ఇంజన్ బిగించిన ఫైబర్ పడవ ఉంది. పొరుగింటి రాముతో కలిసి తెల్లారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి ఒడ్డుకు వస్తాడు.

"ఏటే ఆశా, గాలి సదువు సదువుతన్నావు గదా. రేపు గాలి ఎలాగుంటాదో సెప్పు సూద్దారి," అన్నాడు నవ్వుతూ.

ఆశ ఫోనులో గాలి పటం తెరిచి చూసింది. "పొద్దున్న తక్కువే మావా. మద్దేనానికి పెరుగుతాది. తొరగా వచ్చీ," అంది.

అలాగే జరిగింది. ఎల్లాజీ ఆ మాట పేటంతా చెప్పాడు. తర్వాత వారం మళ్ళీ అడిగాడు, మళ్ళీ అలాగే జరిగింది. ఇంక ఒకరిని చూసి ఒకరు మొదలుపెట్టారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు అడిగేవారు. పడవలు నీళ్ళలోకి నెడుతున్న మగవాళ్ళు ఇంటి గుమ్మం వైపు కేకేసి అడిగేవారు. "వేటకెల్లమంటావేటి, ఆశా?" అప్పాయమ్మ చేపల తట్ట దించుకుని బేరం చేస్తూ కూడా కూతురి చదువు సంగతి ఎత్తేది.

ఆశకు మాత్రం భయం మొదలైంది. పెద్ద వాతావరణ ఆఫీసులో ఎంతోమంది కలిసి కంప్యూటర్లు పెట్టుకుని చెప్పే మాటను తను ఒక్క ముక్కలో చెప్పాలి. ఎల్లు, లేదా ఎల్లొద్దు. వాళ్ళకు కావలసింది అదే. చీకటితోనే మెలకువ వచ్చేది. ఆమె ఎల్లమన్న పడవలు తిరిగి ఒడ్డెక్కేదాకా తరగతిలో చెప్పింది ఏదీ చెవికెక్కేది కాదు. కిటికీ పక్కన కూర్చుని, కనిపించే పడవలన్నీ తన మాట మీదే తేలుతున్నట్టు చూస్తూ ఉండేది. ఈ భయం గురించి ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారనుకుంది.

సెప్టెంబరులో ఒకరోజు ఈదురుగాలి వచ్చేలా అనిపించి వద్దంది. పడవలు ఇసక మీదే ఉండిపోయాయి. ఆ రోజంతా సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. పక్క పేటలవాళ్ళు వెళ్ళి తట్టలకొద్దీ కానాగంత చేపలు తెచ్చుకున్నారు. సాయంత్రం రాము భార్య చిట్టమ్మ ఖాళీ తట్ట చంకనబెట్టుకుని ఆశ ఇంటి ముందు ఆగింది.

"సదువుకున్నోల గాలి మా ఇంటికాసి రానేదమ్మా," అంది. గొంతు పెంచలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ఆశ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

అక్టోబరు వచ్చింది. ఒక తెల్లవారుజామున ఆశ ఫోను చూసుకుంటూ మంచం మీద లేచి కూర్చుంది. వేటకు వెళ్ళేవాళ్ళకు వచ్చే హెచ్చరికలో అక్కడక్కడ ఉరుములతో ఈదురుగాలులని ఉంది. వానాకాలంలో తరచూ ఉండే మాటే కాబట్టి పేటలో దాన్ని పెద్దగా పట్టించుకోరు. కానీ ముందురోజు సాయంత్రం సింహాచలం కొండల మీద లేచిన మబ్బును ఆమె చూసింది. పై గాలుల పటాలు, తేమ లెక్కలు చూసింది. క్లాసులో చెప్పినవన్నీ ఒకచోట కలిసినట్టు కనబడ్డాయి. మధ్యాహ్నంలోపే కొండల వైపు నుంచి పెద్ద గాలి దిగుతుందని అనిపించింది.

బయట ఎల్లాజీ గొంతు వినబడింది. "ఆశా, వేటకెల్లమంటావేటి?"

ఆమె గుమ్మంలోకి వచ్చింది. ఎల్లాజీ వెనక రాము వల భుజాన వేసుకుని నిలబడ్డాడు. అటు పక్క గుమ్మంలో చిట్టమ్మ ముగ్గు వేస్తోంది. తలెత్తలేదు, కానీ చెయ్యి ఆగింది.

"మీ ఇష్టం మావా," అంది ఆశ.

"మా ఇష్టం కాదే. నీకేటనిపిస్తాది?"

"నాకేటి తెలుస్తాది మావా. ఫోన్లో మామూలుగానే ఉంది."

ఎల్లాజీ ఆమె ముఖం వంక ఒక క్షణం చూసి, తల ఊపి, ఇసకలోకి దిగిపోయాడు. పడవ నీళ్ళలో పడిన చప్పుడు, ఇంజను మొదలైన చప్పుడు వింటూ ఆశ అక్కడే నిలబడింది. ఇప్పుడు పరిగెత్తి కేకేస్తే వినబడుతుంది. పరిగెత్తలేదు.

ఆ పొద్దున్న క్లాసులో పుష్పకుమారి మేడమ్ పాఠం చెప్పలేదు. ఆఖరి సంవత్సరం కదా, ఒక్కొక్కరూ ఏం చెయ్యాలనుకుంటున్నారో, ఎందుకో చెప్పమంది. ఒకతను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ అన్నాడు, అక్క అక్కడే ఉందట. పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి టీచరు పోస్టు అంది, ఊరికి దగ్గరగా ఉండొచ్చని. కేథరిన్ బ్యాంకు అంది. ఆశ వంతు వచ్చింది.

"నాదీ బ్యాంకే మేడమ్."

"ఎందుకమ్మా?"

చెప్పబోయేలోగా గది మసకబారింది. ఎవరో లేచి లైటు వేశారు. వెనక కిటికీలోంచి చూస్తే సింహాచలం వైపు ఆకాశం తారు పూసినట్టు ఉంది. ఇంతలో గాలి వచ్చి పడింది. కిటికీ రెక్కలు గోడకేసి కొట్టుకున్నాయి, బల్లల మీద కాగితాలు లేచాయి. ఆశ గదిలోంచి బయటికి నడిచింది. వరండా దాటాక పరిగెత్తింది.

ఎత్తు దిగి ఒడ్డుకు చేరేసరికి వాన మొదలైంది. ఇసక ముఖానికి కొడుతోంది. ఆడవాళ్ళు కొంగులు బిగించి వరసగా నిలబడి ఉన్నారు. తెల్లటి వాన తెర వెనకనుంచి ఒక్కో పడవ బయటపడుతుంటే ఎవరిదో పోల్చుకుని, ఆ ఇంటివాళ్ళు నీళ్ళలోకి దిగుతున్నారు. గురువులు నడుంలోతు నీళ్ళలో నిలబడి ఒంటి భుజంతోనే పడవలు లాగుతున్నాడు. గాలి తగ్గింది. వాన వెలిసింది. రావలసిన పడవలన్నీ వచ్చాయి, ఎల్లాజీది తప్ప.

ఇంజను చెడి ఆగిపోయి ఉంటుందన్నారు. ఆఖరున వచ్చినవాళ్ళు అతన్ని చూశారు, ఆగి ఉన్నాడు, సాయం వెళ్ళేలోపు గాలి కమ్మేసింది.

చిట్టమ్మ నేరుగా ఆశ దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకుంది ఆశ. తిడితే బాగుండుననీ అనుకుంది. చిట్టమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మా, నువ్వు సెప్పమ్మా. ఈ గాలికి పడవ ఎటెల్తాది? నీకు తెలుస్తాది గదా."

చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆశ వంకే చూశారు. గాలి కొండల వైపు నుంచి వీచింది, కాబట్టి ముందు పడవను సముద్రం లోపలికి నెడుతుంది. గాలి తగ్గాక నీటి ప్రవాహం పట్టుకుంటుంది. ఈ నెలలో మన తీరం వెంట ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది. అది పాఠంలో ఉంది, పరీక్షలో కూడా రాసింది. కానీ ఇది పరీక్ష కాదు. ఇప్పుడు తను దక్షిణం అంటే వెతికేవాళ్ళు దక్షిణానికే వెళ్తారు. మనుషులు ఉత్తరాన ఉంటే?

"దచ్చినానికి వదినా," అంది. "డాల్ఫిన్ నోస్ కొండ దాటి, యారాడ బయట. తిన్నగా ఎదురుగా వెతికితే దొరకరనుకుంటన్నాను. కచ్చితంగా మాత్రం సెప్పలేను."

పుష్పకుమారి మేడమ్‌కు ఫోను చేసింది. మేడమ్ రెండు ప్రశ్నలు అడిగి, "సరిగ్గానే ఆలోచించావు, నేను మాట్లాడతాను" అంది. మెరైన్ పోలీసుల పడవ ఒకటి, హార్బరు నుంచి మరో రెండు పడవలు యారాడ వైపు వెళ్ళాయి. పొద్దు వాలేదాకా వెతికి ఖాళీగా తిరిగొచ్చాయి.

ఆ రాత్రి ఆశ మిగతా ఆడవాళ్ళతో పాటు ఇసక మీదే కూర్చుంది.

తెల్లవారి కబురు వచ్చింది. పోర్టులోకి వెళ్ళడానికి వంతు కోసం బయట లంగరు వేసుకున్న బొగ్గు ఓడవాళ్ళు ఇద్దరినీ పైకి లాగారు. దక్షిణమే, కానీ ఆశ చెప్పినదానికంటే చాలా లోపల. వెతికిన పడవలు వాళ్ళకూ ఒడ్డుకూ మధ్య నుంచి తెలియకుండా దాటిపోయాయి. ఇద్దరి అరుపులు విని ఓడవాళ్ళు తాళ్ళు వేశారు. పడవ అలకు లేచి ఓడ గోడకు కొట్టుకున్నప్పుడు రాము కుడిచెయ్యి మధ్యలో నలిగిపోయింది. పడవ మునిగింది.

పెద్దాసుపత్రి వరండాలో ఎల్లాజీ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఉప్పునీటికి కళ్ళు ఎర్రబడ్డాయి. ఆశ అతని పక్కన కూర్చుంది.

"మావా, నిన్న గాలొస్తాదని నాకు తెలుసు. తెలిసీ సెప్పనేదు."

ఎల్లాజీ ఆమె వైపు తిరగలేదు. "నీ మొకం సూత్తే అనుమానమొచ్చింది," అన్నాడు. "అయినా ఎల్లీసినాను."

"నాను వద్దంటే ఆగీవోడివా?"

"ఏమో. ఆగీవోడినో కాదో నాకే తెలీదు. కానీ నువ్వు సెప్పుండాల్సింది, ఆశా."

రాముకు మాత్రం నువ్వే చెప్పుకో అన్నాడు.

రాము ఇంటికి వచ్చాక ఆశ వెళ్ళి చెప్పింది. చెయ్యి ఉంది కానీ వేళ్ళు ముడుచుకోవడం లేదు. వల లాగలేడు. అతను విని, తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా ఆడది ఆ రోజు అన్న మాటకి బయపడిపోనావా?"

"అవునన్నా."

"మరి నానూ రోజూ దానికి బయపడీ బతుకుతన్నాను గదా," అన్నాడు. నవ్వబోయాడు, కట్టు కట్టిన చెయ్యి కదిలి ముఖం ముడుచుకున్నాడు. లోపలి నుంచి చిట్టమ్మ అంతా విన్నది. చాన్నాళ్ళు ఆశతో మాట్లాడలేదు.

ఆశ ఫోనులోంచి గాలి పటాలు తీసేసింది. పేటలో ఎవరూ అడగడం లేదు కూడా. చదువు పూర్తిచేసి బ్యాంకులో చేరిపోవాలి, అంతే అనుకుంది. మొదటి పరీక్ష రాసి పాసయింది. రెండోదానికి చదువుతోంది. కోచింగు సెంటరులో కిటికీలు ఉండవు. ఒక సాయంత్రం సారు లెక్క చెప్తుంటే పైన పాత ఫ్యాను ఒక్కసారిగా హోరు పెట్టింది. ఆశ లేచి నిలబడింది. అందరూ చూస్తుండగా బయటికి పరిగెత్తి, మెట్లు దిగి, రోడ్డు మీద నిలబడి తలెత్తి ఆకాశం చూసింది. నిర్మలంగా ఉంది. ఆటోవాడు హారను కొట్టి తిట్టుకుంటూ పోయాడు.

కేథరిన్ వెనకాలే వచ్చింది. ఆశ మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఏమైందే?"

"మబ్బట్టిందేమోనని."

కేథరిన్ పక్కన కూర్చుంది. "రేపు బ్యాంకులో చేరాక కూడా ఇలాగే లేచి పరిగెడతావా?"

ఆశ ఎదురుగా ఉన్న షాపుల వైపు చూస్తూ కూర్చుంది. అద్దం వెనక కూర్చున్నా ఈ భయం తనతోనే వస్తుందని ఆమెకు అప్పుడు తెలిసింది. అక్కడ తను చెప్పడానికి ఏమీ ఉండదు, అంతే తేడా. పేట పడవలు మాత్రం రోజూ వెళ్తూనే ఉంటాయి. ఇన్నాళ్ళలో ఎక్కువ భయపడింది నోరు మూసుకున్న రోజునే.

మర్నాడు పుష్పకుమారి మేడమ్ గదికి వెళ్ళి జరిగింది దాచకుండా చెప్పింది. మేడమ్ ఓదార్చలేదు. తప్పే అంది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, "వాళ్ళు ఎల్లమంటావా వద్దంటావా అని అడిగారని నువ్వూ అలాగే చెప్పావు. అలా ఎవరికీ తెలియదమ్మా, నాకూ తెలియదు. పదిలో ఎన్ని పాళ్ళో చెప్పాలి. తెలియనిది తెలియదని చెప్పాలి. నిర్ణయం వాళ్ళది, కానీ నీకు తెలిసింది దాచుకోవడానికి లేదు," అంది. తీరం వెంట పేటలకు గాలి, అలల సమాచారం వాళ్ళ భాషలో అందించే ప్రాజెక్టు ఒకటి రాబోతోందనీ, పర్మినెంటు కాదనీ చెప్పింది.

వేసవిలో రెండూ ఒకేసారి వచ్చాయి. బ్యాంకు వాళ్ళు సబ్బవరం బ్రాంచిలో చేరమన్నారు. ప్రాజెక్టువాళ్ళు కూడా రమ్మన్నారు. పేటలో అంతా బ్యాంకే అన్నారు. అప్పాయమ్మ ఏడ్చింది. ఎవరు ఏమన్నా ఆశ చూసింది తండ్రి ముఖం వైపే.

గురువులు ఇసకలో వల పరుచుకుని కూర్చున్నాడు. ఆశ వెళ్ళి రెండో కొస పట్టుకుంది.

"బ్యాంకుకి ఎల్లను నాన్నా."

అతను చిరుగు వెతుకుతూనే ఉన్నాడు. "బయమెయ్యదా నీకు?"

"ఏస్తంది. రోజూ ఏస్తంది."

"నాకూ ఏసీది," అన్నాడు గురువులు. "మా అన్న పోనాక పడవెక్కిన పెతీసారీ ఏసీది. మీ అమ్మకి కూడా సెప్పనేదు. భుజం ఇరిగిన రోజున, ఇంక ఎల్లక్కర్లేదు గదాని నవ్వొచ్చింది నాకు." వల మీద నుంచి చూపు ఎత్తలేదు. "అందుకే నిన్ను నేల మీద ఉండమన్నాను. అంతకంటే ఏటీ నేదు."

వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. ఆశ ప్రాజెక్టులో చేరిన రోజున మాత్రం బస్టాపు దాకా వచ్చాడు.

ఇప్పుడు ఆమె భీమిలి నుంచి పరవాడ దగ్గర ముత్యాలమ్మపాలెం దాకా తిరుగుతుంది. పేటల్లో తెల్లారకముందే మైకులో గాలి సంగతి చెప్పించడం ఆమె పని. తమ పేటలో చెప్పేది రాము. వల లాగలేని చేతిని ఒళ్ళో పెట్టుకుని ఎడంచేత్తో మైకు పట్టుకుంటాడు. ఆమె రాసిచ్చిన దానికి తన మాటలు కలిపి చెబుతాడు. "పదిలో నాలుగు పాళ్ళు గాలొస్తాదంట. నాకు సెయ్యి పోనాది గాబట్టి నానైతే ఎల్లను. మీకు రెండూ ఉన్నాయి, సూసుకోండి," అంటాడు. కొందరు ఆగిపోతారు, కొందరు వెళ్తారు. ఎల్లాజీ మరొకరితో కలిసి పడవ కొన్నాడు. అతను ఎక్కువగా వెళ్ళేవాళ్ళలోనే ఉంటాడు.

ఒక్కోరోజు ఆమె చెప్పింది జరగదు. అప్పుడు తిట్లు పడతాయి, నిలబడి వింటుంది. చిట్టమ్మ ఇప్పుడు మాట్లాడుతుంది, కానీ తక్కువ. ఆశకు ఇప్పటికీ చీకటితోనే మెలకువ వస్తుంది. పడవలన్నీ ఒడ్డెక్కాయని ఫోను వచ్చేదాకా ఎక్కడున్నా అన్నం తినదు. ఆ ఫోను రాము చేస్తాడు. ఒకరోజు సిగ్నలు లేక ఆలస్యమైంది. ముత్యాలమ్మపాలెం ఇసకలో ఫోను చేత్తో పట్టుకుని, పొద్దు వాలి ఆ ఫోను వచ్చేదాకా అలాగే నిలబడిపోయింది.